నోరు తెరిస్తే ఇంకో డిస్క్ పెట్టమ్మా

2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డ రోజు. మా పిన్ని వాళ్లది అక్కడ గ్రౌండ్ ఫ్లోర్. మనుషులు పైన ఓనర్ల వాటాలోకి ఎక్కేసి బయటపడ్డారు గానీ సామాన్లు ఏవీ ఎక్కించలేకపోయారు. నీళ్లు తీసాక మేం వెళ్లేసరికి ఫ్రిజ్జు వెల్లకిలా పడుంది, బీరువా తలుపు బిగుసుకుపోయి రాలేదు, చివరికి గునపం పెట్టి లాగితే కింద అరలో పిన్ని కూతురు, అంటే మా అక్క, పెళ్లి ఆల్బమ్. ఆల్బమ్ అని నేనంటున్నా గానీ అది ఇటుక, పేజీలన్నీ అతుక్కుపోయి ఒకటే దిమ్మ. దాని పక్కన కవర్లో మూడు డీవీడీలు, కవర్ నిండా బురద.

పిన్ని ఫ్రిజ్ గురించి ఒక్క మాట అనలేదు. "మీ ఇంట్లో కూడా ఒక సెట్టు ఇచ్చాం కదమ్మా, ఉందేమో చూడవూ" అంది అంతే.

ఉంది. కానీ మా ఇంట్లో ఎక్కడుంది అనేది వేరే సంగతి.

మాది సత్యనారాయణపురం, పాత ఇల్లు, టీవీ స్టాండ్ కింద అర ఒకటి, అటక మీద ట్రంకు పెట్టె ఒకటి, నాన్న పాత ఆఫీసు బ్యాగు ఒకటి, ఇవన్నీ డిస్కులే. ఒక ఆదివారం అన్నీ హాల్లో పరిచి లెక్కేస్తే 168 తేలాయి. అందులో సినిమాలవి 52, సగం మోజర్ బేర్ కంపెనీ వాళ్లు 2007 ఆ ప్రాంతంలో చవగ్గా వదిలిన రకం, వాటిని ముట్టుకోలేదు, వాటికి కాపీ చెయ్యకుండా తాళం ఉంటుంది, కాపీరైట్ గొడవ ఉంటుంది, పైగా అందులో చాలా సినిమాలు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి. మిగతా 116 మనవి. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పంచెలు, బారసాలలు, గృహప్రవేశాలు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నా కూచిపూడి (ఇది ఎవరికీ చూపించను), 2004 పుష్కరాలు. 85 డీవీడీలు, 31 వీసీడీలు (డీవీడీలకి ముందు, సీడీ మీదే వీడియో రాసిన రకం). ఇవి ఇంకెక్కడా దొరకవు. స్టూడియోకి ఫోన్ చేస్తే పాతవన్నీ ఎప్పుడో తీసేశామండీ అన్నారు, వాళ్లని అనడానికేం లేదు, పదిహేనేళ్లు ఎవరు దాస్తారు.

2016 పుష్కరాలవి మాత్రం ఒక్క డిస్క్ కూడా లేదు, అప్పటికి అందరి చేతిలో ఫోన్లొచ్చేసాయి. అంటే మా ఇంటి డిస్కుల కాలం మొత్తం ఓ పన్నెండు, పదమూడేళ్లు, అంతే.

సరే 85 డీవీడీలు కదా, ల్యాప్‌టాప్‌కి ఒక బయటి డ్రైవ్ తగిలించి ఒక్కొక్కటీ కాపీ చేసేద్దాం అని మొదలెట్టా. రెండు రోజుల్లో విసుగొచ్చింది. డిస్క్ పెట్టు, ఫోల్డర్ తెరువు, లోపల వీడియో ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క 1 జీబీ దాటదు కాబట్టి ఒక పెళ్లి నాలుగైదు ఫైళ్లవుతుంది, అవి లాగు, పేరు పెట్టు, పావుగంట ఆగు, ఈలోపు మీటింగ్ వస్తుంది, మీటింగ్ అయ్యాక చూస్తే ఎప్పుడో ముప్పావుగంట కిందటే అయిపోయి ఖాళీగా కూర్చుని ఉంటుంది. రోజుకి నాలుగు కూడా తేలట్లేదు. ఇక్కడ నిజమైన పని కాపీ చెయ్యడం కాదు, పక్కన కాపలా కూర్చోడం.

కాబట్టి కాపలా కూర్చోనక్కర్లేకుండా చెయ్యాలి. నాన్న పాత డెస్క్‌టాప్ అటక మీంచి దింపి విండోస్ బదులు ఉబుంటు ఎక్కించా, అదొక ఫ్రీ లైనక్స్ రకం. దాన్లో పాత డీవీడీ రైటర్ ఒకటి ఉంది, గవర్నర్‌పేటలో తిరిగి సెకండ్ హ్యాండ్‌లో ఇంకోటి తెచ్చి బిగించా. ఇక్కడ ఒక చిన్న మాట, కొనేవాళ్లుంటే ల్యాప్‌టాప్ రకం సన్న డ్రైవ్ కాదు, డెస్క్‌టాప్ రకమే కొనండి. ఎందుకంటే సన్నవాటికి ట్రే బయటికి వస్తుంది గానీ దానంతటది లోపలికి పోదు, చేత్తో తొయ్యాలి. డెస్క్‌టాప్ డ్రైవ్ అయితే మనం చెప్తే తెరుచుకుంటుంది, చెప్తే మూసుకుంటుంది. ఆ మూసుకోడం దేనికి పనికొచ్చిందో తర్వాత చెప్తా.

నేననుకున్నది ఏంటంటే, డిస్క్ పెట్టగానే కంప్యూటర్ తనంతట తనే గుర్తుపట్టాలి, డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక ఐఎస్ఓ ఫైల్‌గా దింపుకోవాలి, అయిపోగానే ట్రే తెరవాలి. వీడియోని చిన్న సైజుకి మార్చడం ఇప్పుడే కాదు, ఆ పని రాత్రి అందరం పడుకున్నాక చేసుకుంటుంది. ఈ రెండూ విడగొట్టడం ముఖ్యం, లేకపోతే ఒక్కో డిస్క్‌కి పావుగంట కాస్తా ముప్పావుగంట అవుతుంది. దీనికి ఆటోమేటిక్ రిప్పింగ్ మెషీన్ అని రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఫ్రీగా ఉంది, మంచిదే, కానీ అది సినిమా డిస్కులకి బాగుంటుంది, డిస్క్ లేబుల్ చూసి ఇంటర్నెట్లో సినిమా పేరు వెతుక్కుంటుంది. మా పెదనాన్న గృహప్రవేశం ఇంటర్నెట్లో ఎక్కడుంటుంది. అందుకని సొంతంగా ఓ నలభై లైన్ల స్క్రిప్ట్ రాసుకున్నా.

మొదటి దెబ్బ అక్కడే. లైనక్స్‌లో యూడెవ్ అని ఒకటుంటుంది, ఏదన్నా పరికరం తగిలించినా డిస్క్ పెట్టినా దానికి తెలుస్తుంది, అప్పుడు ఫలానా పని చెయ్యి అని రూల్ రాయొచ్చు. రాసా. డిస్క్ పెట్టగానే గిర్రున తిరిగింది, నాకు ఆనందం. మూడు నిమిషాలకి ఆగిపోయింది. ఇంకో డిస్క్ పెట్టా, మూడు నిమిషాలకి ఆగిపోయింది. డిస్కులన్నీ పాడైపోయాయి అని ఆ రాత్రి నిజంగా బెంగ పెట్టుకున్నా. తెల్లారి తట్టింది, అన్నీ ఒకే టైమ్‌కి ఎలా పాడవుతాయి? చూస్తే యూడెవ్ మొదలెట్టిన పని ఏదైనా సరే 180 సెకన్లు దాటితే అదే చంపేస్తుంది. దాని ఉద్దేశం చిటికెలో అయ్యే పనులు తప్ప నీ పావుగంట పనులు నాకొద్దు అని. దాంతో రూల్ చేత సిస్టమ్‌డీ సర్వీస్‌ని, అంటే వెనకాల ఎంతసేపైనా నడవగలిగే పనిని, లేపించి, అసలు పని ఆ సర్వీస్‌కి అప్పజెప్పా. అప్పట్నుంచి ఆగలేదు.

ఇక డిస్కులు మార్చే డ్యూటీ అమ్మది. నేను లోపల గదిలో ఆఫీసు పని, అమ్మ హాల్లో సీరియల్. అమ్మకి చెప్పింది ఒకటే, "ఇది నోరు తెరిస్తే ఉన్నది తీసి ఇంకోటి పెట్టి నొక్కమ్మా, ఇంకేం చెయ్యక్కర్లేదు". మొదటి రోజు కొంచెం భయపడింది, రెండో రోజుకి కుక్కర్ విజిల్ ఎంతో ఇదీ అంతే అయిపోయింది. వంటింట్లోంచే "ఇదిగో తెరిచింది తెరిచింది" అనుకుంటూ చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది. ఒక పూటలో ఎనిమిది డిస్కులు.

పాడైన డిస్క్ అయితే అమ్మకెలా తెలియాలి, స్క్రీన్ మీద ఇంగ్లీషులో రాస్తే చదవదు. అందుకే ట్రే చేతే చెప్పించా. బాగా అయితే ఒకసారి తెరుచుకుంటుంది. ఎక్కడన్నా చదవలేకపోతే తెరుచుకుని, మూసుకుని, మళ్లీ తెరుచుకుంటుంది. రెండుసార్లు నోరు తెరిస్తే ఎడం పక్క దొంతర, ఒకసారైతే కుడి పక్క. నా మొత్తం స్క్రిప్టులో నాకు గర్వంగా అనిపించేది ఈ ఒక్క లైనే.

రెండో దెబ్బ ఇంకా ఘోరం. ఫైల్‌కి పేరు కావాలి కదా, డిస్క్ మీద ఉన్న లేబుల్‌నే పేరుగా పెట్టమని రాసా. మర్నాడు అమ్మ భలే హుషారుగా చెప్పింది, "ఇవాళ్టి డిస్కులు చాలా ఫాస్టుగా అయిపోతున్నాయే, పెట్టిన నిమిషానికే తెరిచేస్తోంది, పదకొండు చేసేశా". నా గుండె జారింది. పెళ్లి డిస్కులు రాసే స్టూడియో కుర్రాడు లేబుల్ ఎందుకు మారుస్తాడు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరే వదిలేస్తాడు, మా చుట్టాలందరికీ ఒకటే స్టూడియో, కాబట్టి పదకొండు డిస్కులకీ ఒకటే పేరు. నేను కాపీకి వాడేది డీడీరెస్క్యూ, పాడైన డిస్కుల్లోంచి కూడా వచ్చినంత లాగే సాఫ్ట్‌వేర్, అది ఏ సెక్టార్ (డిస్క్ మీద డేటా ఉండే చిన్న గడి) చదివింది ఏది చదవలేదు అని పక్కన ఒక మ్యాప్ ఫైల్ రాసుకుంటుంది. రెండో డిస్క్ పెట్టగానే ఆ పేరుతో మ్యాప్ కనిపిస్తుంది, ఓహో ఇదంతా చదివేశాను కదా అనుకుని వెంటనే ట్రే తెరిచేస్తుంది. మొదటిదానికంటే పెద్ద డిస్క్ అయితే మిగిలిన తోక మాత్రం చదివి పాతదానికి అతికిస్తుంది. పదకొండూ మళ్లీ పెట్టించా. అమ్మ నన్నేం అనలేదు గానీ "దీనికంటే నువ్వే నయం" అని మిషన్‌తో అంది, అది నాకు వినపడేట్టే అంది.

ఆ తర్వాత లేబుల్ వదిలేసి తేదీ, టైమ్, దాని పక్కన వరస నంబర్. అదే నంబర్ అమ్మ మార్కర్ పెన్నుతో డిస్క్ కవర్ మీద వేస్తుంది, డిస్క్ మీద కాదు.

ఇప్పుడు ఎడం పక్క దొంతర సంగతి. మొత్తం 14 వచ్చాయి. వీటిని రాత్రిళ్లు నేనే కూర్చుని చూసా, అప్పుడు ఒకటి గమనించా. పెళ్లి డిస్కుల్లో పాడైంది ఎక్కువగా అప్పగింతలే. గణపతి పూజ బాగుంటుంది, జీలకర్ర బెల్లం బాగుంటుంది, తలంబ్రాలు బాగుంటాయి, అప్పగింతల దగ్గరికొచ్చేసరికి గళ్లు గళ్లుగా విరిగిపోయి ఆగిపోతుంది. ఎందుకా అంటే డీవీడీ మీద రాయడం లోపలి వైపు, అంటే బొక్క దగ్గర, మొదలై బయటి అంచుకి పోతుంది. స్టూడియో వాళ్లు డిస్క్ నిండా కూరతారు కాబట్టి చివరి సీన్ ఎప్పుడూ అంచులోనే ఉంటుంది. మనం పట్టుకునేది అంచు, వేలిముద్ర పడేది అంచు, చెమ్మ లోపలికి దిగేది అంచులోంచే. అలా ఊళ్లో ఎన్ని ఇళ్లల్లో అప్పగింతలు పోయాయో.

తుడిచేటప్పుడు మన అలవాటు గుండ్రంగా తిప్పి తుడవడం, అది తప్పు. మధ్యలోంచి బయటికి సూటిగా తుడవాలి. డేటా గుండ్రంగా ఉంటుంది కదా, గుండ్రంగా గీత పడితే వరసగా బోలెడంత డేటా పోతుంది, అడ్డంగా పడ్డ గీతని డ్రైవ్ చాలావరకు సర్దుకుంటుంది. మా నాన్న పదేళ్లు పంచె కొంగుతో గుండ్రంగా తుడిచారు.

అలా అక్క పెళ్లి దగ్గరికి వచ్చాం. 2009 పెళ్లి, మూడు డిస్కులు. మా సెట్టులో ఒకటి, రెండు బాగానే దిగాయి. మూడోది రెండుసార్లు నోరు తెరిచింది. దాదాపు 23 లక్షల సెక్టార్లుంటాయి ఒక నిండు డిస్క్‌లో, ఒక్కోటి 2048 బైట్లు, మాది చివర్లో 71 ఎంబీ చదవట్లేదు. డ్రైవ్ మార్చి చూసా, కిర్రు కిర్రు అని రాత్రంతా తిరిగింది, ఇంకో రెండు ఎంబీ వచ్చింది అంతే. 69 ఎంబీ అంటే వీడియోలో దగ్గర దగ్గర రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ ఏంటో నాకు తెలుసు, బాబాయ్ అక్క చెయ్యి బావ చేతిలో పెట్టేది. బాబాయ్ 2015లో పోయారు.

అప్పుడు గుర్తొచ్చింది, బురద డిస్క్.

పిన్ని దాన్ని పారెయ్యలేదు, పాత న్యూస్‌పేపర్లో చుట్టి పెట్టింది. తెచ్చి టబ్బులో నీళ్లు పోసి, ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, వేళ్లతో కూడా రుద్దకుండా ఊరికే ఊపుతూ నానబెట్టా. బురద అంతా ఎర్రగా దిగిపోయింది, కింద డిస్క్ కొత్తదిలా ఉంది. ఇదెలాగా అంటే డీవీడీ లోపల రెండు పలకలు, ఒక్కోటి 0.6 మిల్లీమీటర్లు, డేటా ఆ రెండింటి మధ్య శాండ్‌విచ్‌లా ఉంటుంది, పైన బురద పడినా కింద బురద పడినా దానికి తగలదు. అదే సీడీలో అయితే వెండి పూత లేబుల్ కిందే ఉంటుంది, పైన సన్న లక్క పొర మాత్రమే. పిన్ని వాళ్ల వీసీడీలు ఐదు కడిగితే మూడింటికి వెండి పూత పొట్టులా లేచొచ్చింది, గాజు ముక్కల్లా అవతలి పక్క కనిపిస్తోంది. అవి పోయాయి. డీవీడీ మూడు రోజులు బురదలో ఉండి కూడా బతికింది.

అంటే పూర్తిగా బతికింది అనలేను. ఆరబెట్టి పెడితే దానికీ అంచులో 190 ఎంబీ చదవట్లేదు, మా దానికంటే దారుణం. కానీ డీడీరెస్క్యూలో ఒక సౌకర్యం ఉంది. రెండు డిస్కులూ ఒకే దాని నకళ్లు అయితే, ఒకదానిలో చదవలేని సెక్టార్లని రెండోదాంట్లోంచి తెచ్చుకోవచ్చు, అదే మ్యాప్ ఫైల్ చూపించి రెండో డిస్క్ పెడితే ఖాళీలు మాత్రమే వెతుక్కుంటుంది. ముందు రెండూ ఒకటేనా కాదా చూడాలి. రెండింటి సైజు బైటుతో సహా ఒకటే వచ్చింది, మొదటి 1 జీబీకి ఎండీ5, అంటే డేటాకి వేలిముద్ర లాంటి నంబర్, లెక్కేస్తే అదీ ఒకటే. స్టూడియో కుర్రాడు ఒకే ఫైల్‌ని రెండుసార్లు రాశాడు, అతను బద్ధకించి లేబుల్ మార్చకపోతే తిట్టుకున్నా కదా, ఇక్కడ ఆ బద్ధకమే కాపాడింది.

పదకొండింటికి మొదలెట్టా. పన్నెండున్నరకి చూస్తే 69 కాస్తా 30. రెండింటికి 8. పడుకోడానికి వెళ్లి మళ్లీ వచ్చి చూసా, 3. తెల్లారేసరికి 312 సెక్టార్లు మిగిలాయి, 700 కేబీ కూడా లేదు, సుమారు ఒక్క సెకను. రెండు డిస్కులూ ఒకే చోట పోయింది అంతే.

ఆ తర్వాత వీడియోని చిన్న సైజుకి మార్చే హ్యాండ్‌బ్రేక్‌ సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం మామూలే. ఒక్క విషయం మాత్రం చెప్పాలి, మన డీవీడీలన్నీ పాల్ అనే టీవీ పద్ధతివి, 720 బై 576, ఇంటర్లేస్డ్, అంటే బొమ్మని గీత విడిచి గీతగా రెండు సగాలు చేసి రాస్తారు, ఆ సగాల్ని కలిపే డీఇంటర్లేస్ పెట్టకుండా మారిస్తే చెయ్యి కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా గీతలొస్తాయి, పట్టుచీర జరీ అంచు మీద మరీ అసహ్యంగా. ఒకసారి అలా మార్చేసి అసలువి పారేస్తే మళ్లీ బాగుచెయ్యలేం. అందుకే ఐఎస్ఓలు కూడా ఉంచేసా, 85 డిస్కులూ కలిపి 310 జీబీ, ఈ రోజుల్లో అదేమంత. ఒక హార్డ్ డిస్క్ మా ఇంట్లో, ఒకటి గుంటూరులో అన్నయ్య దగ్గర. రెండూ ఒకే ఊళ్లో పెట్టకూడదని బుడమేరే నేర్పింది.

కంప్యూటర్ చెయ్యలేనిది ఒకటే మిగిలింది, పేర్లు. 85 ఫైళ్లు, అన్నీ తేదీలూ నంబర్లూ, ఏది ఎవరి పెళ్లో నాకేం తెలుసు, సగం నేనెరగని వైపు చుట్టాలు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్ చేత ప్రతి ఐదు నిమిషాలకీ ఒక ఫొటో తీయించి అన్నీ ఒకే షీటుగా చేసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడేలా పెట్టా. గ్రూపులో అప్పటిదాకా గుడ్ మార్నింగులు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు తెనాలి అత్తయ్య చీర చూసి చెప్తుంది, మావయ్య మంటపం స్తంభాలు చూసి చెప్తాడు. "అది భవానీపురం వాళ్ల రెండో అమ్మాయిది, ఆ పందిరి కూలింది చూడు, అదే పెళ్లి." ఒక షీటు మీద రెండు రోజులు గొడవ నడిచింది, ఆ నీలం చొక్కా ఆయన ఎవరని. ఇంకా తేలలేదు, ఫైల్ పేరు ప్రస్తుతానికి 'నీలం చొక్కా బారసాల'.

టీవీలో చూడ్డానికి జెల్లీఫిన్ పెట్టా, మన కంప్యూటర్లో ఉన్న వీడియోల్ని టీవీకి అందించే సాఫ్ట్‌వేర్. లైబ్రరీని పొరపాటున సినిమాలు అని పెట్టేసరికి అది ప్రతి పెళ్లికీ ఇంటర్నెట్లోంచి ఏదో ఒక సినిమా పోస్టర్ తెచ్చి అంటించింది, మా మేనత్త పెళ్లి మీద ఎవరో తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. హోమ్ వీడియోలు అని మార్చాక సర్దుకుంది. యూట్యూబ్‌లో పెట్టొచ్చు కదా అని అన్నయ్య అన్నాడు, పెట్టి చూసా, వెనకాల స్టూడియో వాళ్లు వేసిన సినిమా పాటలకి కాపీరైట్ క్లెయిములు వరస కట్టాయి, తీసేసా.

వీసీడీలు 31 ఇంకా అలాగే ఉన్నాయి. వాటికి డీడీరెస్క్యూ పనికిరాదు, వీసీడీలో వీడియో ఉండే సెక్టార్లు వేరే రకం, 2048 కాదు 2324 బైట్లు, దానికి వీసీడీఇమేజర్‌తో దించాలి. స్క్రిప్టులో ఇంకో పది లైన్లు, సంక్రాంతికి చేస్తా. అమ్మ అప్పుడే అడుగుతోంది, మళ్లీ ఎప్పుడు నోరు తెరుస్తుంది అని.

పిన్నిని ఇంటికి పిలిచి మూడో డిస్క్ పెట్టాం. అప్పగింతల దగ్గర ఆ ఒక్క సెకను బొమ్మ పచ్చగా చెదిరి మళ్లీ కుదురుకుంది, బాబాయ్ అక్క చెయ్యి పట్టుకుని ఉన్నారు. అమ్మ ముక్కు చీదింది. పిన్ని కళ్లద్దాలు సర్దుకుని టీవీకి బాగా దగ్గరగా జరిగి, "ఆ చొక్కా చూడు అక్కా, ఇస్త్రీ లేదు. పొద్దున్నే తీసి పెట్టాను ఇంకోటి, వింటేగా" అంది. కాసేపు ఊరుకుని, "వెనక్కి తిప్పమ్మా" అంది నాతో. నాలుగుసార్లు తిప్పా.